పెడల్ మీద పాదం

కాలికి బలపం కట్టుకుని తిరిగే మనిషి ప్రతి వీధిలోనూ ఒకరుంటారు. ఈ కథ జరిగిన వీధిలో ఆ మనిషి పిన్ని. మిగతావాళ్ళు ఊరికే తిరిగితే ఈవిడ నిజంగానే పరిగెత్తేది. వీధిలో అందరికీ పిన్ని కాబట్టి, ఆవిడ మొగుడు ఎవరినీ అడక్కుండానే అందరికీ బాబాయి అయిపోయాడు.

పిన్ని కరెంటు మిషను మీద బట్టలు కుడుతుంది. పొడుగైనవి కురచ చేస్తుంది, బిగుతైనవి వదులు చేస్తుంది. బాబాయి కళ్ళజోళ్ళు అమ్ముతాడు, విరిగినవి బాగుచేస్తాడు. ఇద్దరిదీ ఒకటే షాపు. ఉన్న ఒక్క గదినీ మధ్యలో చెక్క అడ్డం పెట్టి రెండు చేసుకున్నారు. ఆ చెక్క కూర్చున్న బాబాయి గుండెల దాకా వస్తుంది. ఆయన తన స్టూలు మీద కూర్చుని తలెత్తితే పిన్ని తల, భుజాలు, గుడ్డ జరుపుతున్న చేతులు కనిపిస్తాయి, అంతే. చెక్క కింద మాత్రం చీపురు దూరడానికి జానెడు సందు వదిలారు. ఆ సందు సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, దానితో పని పడుతుంది.

అసలు పిన్నికి ఈ పరుగు ఎలా అంటుకుందో ముందు చెప్పాలి. అప్పటికే ఆవిడకి నలభై దాటాయి. ఒకాయన ఉద్యోగానికి ఇంటర్వ్యూ అని సూటు సరిచేయించుకున్నాడు. ప్యాంటు తీసుకుని, కోటు మాత్రం కొక్కేనికే వదిలేసి బస్సుకి పోయాడు. పిన్ని చూసింది. కోటు చంకన పెట్టుకుని పరుగు తీసింది. బస్టాపుకి వెళ్ళేసరికి బస్సు కదిలిపోయింది. ఇంకొకరైతే ఉసూరుమని వెనక్కి వచ్చేవాళ్ళే. ఈవిడ తర్వాతి స్టాపుకి పరిగెత్తింది, అక్కడా తప్పిపోయింది, ఆ పై స్టాపులో బస్సుని పట్టుకుని కిటికీలోంచి కోటు లోపలికి తోసింది. తిరిగి వచ్చేటప్పుడు హాయిగా బస్సెక్కొచ్చు కదా. ఎక్కలేదు. పైగా దగ్గర దారి ఉండగా చుట్టుదారిన పరిగెత్తుకుంటూ వచ్చింది.

"ఇంతసేపూ ఎక్కడికి పోయావోయ్?" అని బాబాయి కంగారుగా అడిగాడు.

"ఏమోనండీ, కాళ్ళు ఆగలేదు," అంది పిన్ని. చెమటతో ముఖం వెలిగిపోతోంది.

ఆ కాళ్ళు ఇక ఆగలేదు. తెల్లవారకముందే లేచి పోయేది, షాపు తెరిచే వేళకి స్నానం చేసి టేపు మెడలో వేసుకుని కూర్చునేది. మొదట వీధులు, తర్వాత ఊరి చుట్టూ, ఆ తర్వాత బుద్ధున్నవాడెవడైనా బస్సెక్కే దూరాలు. అలా అలా పోయిన ఏడాది వంద కిలోమీటర్ల పందేనికి పేరిచ్చింది. కొండలు, గుట్టలు ఎక్కి దిగుతూ ఉదయం నుంచి చీకటి పడేదాకా పరిగెత్తాలి. బాబాయి ఫ్లాస్కు, తువ్వాలు పట్టుకుని పరిగెత్తేవాళ్ళకి నీళ్ళిచ్చే గుడారాల్లో చివరిదాని దగ్గర కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశాడు.

పిన్ని పరిగెత్తుకుంటూ రాలేదు. దుప్పటి చుట్టి జీపులో తీసుకొచ్చారు. పందెం ముగిసే గీత ఇంకో మలుపు దూరం ఉందనగా కూలబడిపోయిందట. పెదాలు సున్నం పూసినట్టున్నాయి. బాబాయి చేయి పట్టుకుంటే ఆయన వంక చూసి, "డాక్టరుగారూ, కొంచెం నీళ్ళు," అంది.

నీళ్ళు తాగాక మామూలు మనిషైపోయింది. ఇంటికి వచ్చాక ఆవిడకి గుర్తున్నది ఒక్కటే, ఆ మలుపు. "ఆ మలుపు తిరిగితే గీత కనపడుతుందటండీ. అవతల ఎలా ఉంటుందో," అని వచ్చేపోయే బేరాలన్నిటికీ చెప్పేది, ఈ ఏడు ఆ మలుపు తిరిగి తీరతానని. బాబాయికి గుర్తున్నది ఇంకొకటి. తన పెళ్ళాం తనని చూసి డాక్టరుగారూ అని పిలవడం. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, కడుపులో పెట్టుకుని తిరిగాడు.

ఈ ఏడు పందెం ఇంకా చాలా దూరంలో ఉండగానే పిన్ని కుడికాలు మొరాయించింది. పాదం మడత పడే చోట, ముందువైపు, వాపు. వేళ్ళు పైకెత్తి దించితే కిర్రుకిర్రుమని చప్పుడు. ఇంట్లో బాబాయి తల్లి ఉంది, కుట్టిన చొక్కాలకి గుండీలు వేసేది ఆవిడే. కోడలి కాలు ఒళ్ళో పెట్టుకుని, చెవి ఆనించి విని, "తలుపు బందులా ఉంది. నూనె పొయ్యండ్రా," అంది.

నూనె కాదు గానీ పక్క వీధిలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి దగ్గరికి వెళ్ళారు. తెలివైన పిల్ల. కాలు అటూ ఇటూ తిప్పి చూసి, పాదాన్ని పైకెత్తే నరం లాంటిది ఒకటి అక్కడ రాసుకుంటోందని, మరీ ఎక్కువ దూరాలు పరిగెత్తేవాళ్ళకి వస్తుందని, బూటు లేసు బిగించి కట్టినా వస్తుందని చెప్పింది. పరుగు మానెయ్యాలి, కాలికి పూర్తి విశ్రాంతి ఇవ్వాలి అంది.

"మీరు చేసే పని ఏంటి ఆంటీ? ఎక్కువ నిలబడాలా?"

"అబ్బే, కూర్చుని చేసే పనేనమ్మా. రోజంతా లేవనే లేవను," అంది పిన్ని.

అబద్ధమేమీ కాదు. కుట్టుపనివాళ్ళని ఎవరినడిగినా అదే చెప్తారు. ఏళ్ళ తరబడి పెడల్ తొక్కిన మనిషికి తొక్కుతున్నానన్న సంగతే తెలియదు. డాక్టరు దగ్గరికి వెళ్ళి, నేను రోజూ ఊపిరి పీలుస్తుంటానండీ అని ఎవరైనా చెప్తారా?

పరుగు ఆగింది. పిన్ని బూట్లు కిటికీ పక్క మేకుకి ఎక్కాయి.

ఇక బాబాయి సంగతి చూడాలి. నెత్తిన పాలు పోసినట్టుంది ఆయనకి. తెల్లవారుజామున వీధి తలుపు చప్పుడు లేదు. కుక్క కరిచిందేమో, లారీ గుద్దిందేమో అని చెవి వీధిలో పారేసుకుని పడుకోనక్కర్లేదు. లేచేసరికి పక్కన పెళ్ళాం ఉంటోంది. ఇద్దరూ కలిసి కాఫీ తాగుతున్నారు. ఆవిడ కుంటుతుంటే జాలి వేసేది, నిజమే. ఆ జాలి కిందే సంతోషం కూడా ఉండేది. ఛీ, ఏం మనిషిని నేను అనుకునేవాడు, అనుకుంటూనే రెండో కప్పు కాఫీ పోసుకునేవాడు.

పిన్ని మాత్రం కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. పరుగుకి పోయే గంటలు చేతిలో మిగిలిపోయాయి, వాటిని ఏం చేసుకోవాలో తెలియలేదు. ఆ సమయానికే ఒక నాటకాల హాలువాళ్ళు వేదికకి కొత్త తెరలు కావాలని వచ్చారు. ముదురు ఎరుపు మఖమల్, ఒక్కో తెర మనిషి మోయలేనంత బరువు. మామూలప్పుడైతే వద్దనేది. ఇప్పుడు ఎగిరి గంతేసి ఒప్పుకుంది. తెల్లవారుజామునే మిషను ముందు కూర్చుని, ఈ చివరి నుంచి ఆ చివరికి కుట్టుకుంటూ పోయేది. కుడుతుంటే దారి వెంట పోతున్నట్టే ఉందని అత్తగారితో చెప్పింది. కాలు మాత్రం తగ్గలేదు, ఇంకా వాచింది.

ఫిజియో అమ్మాయికీ దిక్కు తోచలేదు. రబ్బరు పట్టీతో వ్యాయామాలు ఇచ్చింది, లేసు ఒత్తుకుని పడ్డ మచ్చ మీద మందు రాసింది. చివరికి నెమ్మదిగా చెప్పేసింది. "ఇంత విశ్రాంతికి కూడా తగ్గట్లేదంటే నాకే భయంగా ఉంది ఆంటీ. వచ్చేసారికి కూడా ఇలాగే ఉంటే, ఇంత దూరాలు ఈ కాలికి ఇక వద్దని చెప్పాల్సి వస్తుంది."

దారిలో పిన్ని కుంటుకుంటూనే నడిచింది. ఇల్లు వచ్చేముందు ఆగి, "ఆ అమ్మాయి వద్దంటే మానేస్తానండీ. ఇక మళ్ళీ ఆ ఊసెత్తను. మీ మీద ఒట్టు," అంది.

"ఇప్పుడే అంత మాటెందుకు," అన్నాడు బాబాయి పైకి. లోపల మాత్రం అమ్మయ్య అనుకున్నాడు.

అలా రోజులు గడిచి, మర్నాడు మళ్ళీ చూపించుకోవాలనగా, మధ్యాహ్నం ఒక పెద్దమనిషి కళ్ళజోడు బాగుచేస్తుంటే బాబాయి చేతిలోంచి స్క్రూ జారింది. కళ్ళజోడు స్క్రూ అంటే ఆవగింజంత. అది నేలమీద టిక్కుమని, దొర్లుకుంటూ ఎటో పోయింది. బాబాయి తిట్టుకుంటూ మోకాళ్ళ మీదకి దిగాడు. స్టూలు కింద లేదు, బల్ల కింద లేదు. చెంప నేలకి ఆనించి ఆ చెక్క కింది సందులోంచి చూశాడు.

స్క్రూ అక్కడే ఉంది. దాని అవతల పిన్ని పాదం ఉంది.

ఇన్నేళ్ళలో ఆయన ఆ పాదం పనిచేస్తుండగా చూడటం అదే మొదలు. పట్టీ కట్టిన కుడిపాదం పెడల్ మీద ఉంది. నొక్కింది, మిషను గిర్రుమంది. వేళ్ళు పైకి లేచాయి, ఆగింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ లేచింది. మఖమల్ బరువుకి కుట్టు మధ్యమధ్య ఆపుకోవాల్సి వస్తోంది కాబోలు, ఆపినప్పుడల్లా వేళ్ళు గాలిలో అలా బిగబట్టి ఉంటున్నాయి. పట్టీ పైన వాపు, అచ్చం ఆ అమ్మాయి వేలు పెట్టి చూపించిన చోటే, వేళ్ళు లేచినప్పుడల్లా ఉబుకుతోంది. మిషను ఆగిన క్షణంలో ఆ కిర్రుమనే చప్పుడు కూడా వినిపించినట్టే అనిపించింది.

బాబాయి స్క్రూ మాట మర్చిపోయాడు. ఈ కాలికి విశ్రాంతి ఎక్కడిది అనుకున్నాడు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఇదే పని. పరుగు మానేసిన గంటలు కూడా దీనికే పోస్తోంది.

"దొరికిందా అండీ?" అని పైనుంచి పిన్ని అడిగింది.

"ఊఁ," అన్నాడు. స్క్రూ తీసుకుని లేచాడు.

సాయంత్రం అన్నం దగ్గర బాబాయి తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. చెప్పకపోవడం అబద్ధమెలా అవుతుంది అని తనలో తాను వాదించుకున్నాడు. కళ్ళజోళ్ళవాణ్ణి, కాళ్ళ సంగతి నాకేం తెలుసు? ఫిజియో అమ్మాయికే అంతుపట్టనిది నాకు పట్టిందా? రేపు ఆ పిల్ల వద్దంటుంది, ఈవిడ ఒట్టు నిలబెట్టుకుంటుంది, ఇక ఏ గుడారం ముందూ నిలబడక్కర్లేదు. నేనేమీ చెయ్యక్కర్లేదు కూడా, నోరు మూసుకుంటే చాలు.

"ఏంట్రా, ముద్ద చేతిలోనే ఆరిపోతోంది?" అంది తల్లి.

"ఏం లేదమ్మా."

"ఏం లేనివాడి ముఖం అలా ఉండదు," అని ఆవిడ ఇంకో గరిటె వడ్డించింది.

మర్నాడు ఇంకా ఫిజియో దగ్గరికి వెళ్ళకముందే పిన్ని మేకు మీది బూట్లు దించింది. తడిగుడ్డతో అంచులన్నీ తుడిచింది. చివరి పందెం నాటి మట్టి ఒక గాడిలో గట్టిపడి ఉంటే సూదితో గీకి తీసింది. మిగిలిన మఖమల్ ముక్కతో వాటికి ఒక సంచీ కుట్టి పెట్టుకుంది. రొట్టెల షాపులో పనిచేసే పిల్ల ఒకతె ఈమధ్యే పరుగు మొదలుపెట్టిందట, ఆ పిల్లకీ ఇదే కొలతట.

"ఆ అమ్మాయి ఏమంటుందో తెలిసిందేగా," అంది. ఏడుపేమీ లేదు గొంతులో. "వచ్చాక ఇవ్వాలంటే నా వల్ల కాదు. వెళ్ళేటప్పుడే ఇచ్చేసి పోదాం. కాస్త ఆ లేసులు మీరు విప్పండి, ఏమనుకోకండి. అన్నీ చేశాను గానీ దానికి మాత్రం చేతులు రావట్లేదు."

బాబాయి బూటు ఒళ్ళో పెట్టుకున్నాడు. పిన్ని వేసే ముడులు ఎలాంటివో మీకు తెలియదు. కుట్టుపనిచేసే చెయ్యి, ఒకసారి బిగిస్తే ఊడదు. గోటితో ఒక ముడి విప్పాడు. రెండో ముడి దగ్గర వేళ్ళు ఆగిపోయాయి.

"నీకో సంగతి చెప్పాలి," అన్నాడు. "నువ్వు కాలికి విశ్రాంతి ఇవ్వట్లేదు."

"అదేంటండీ, ఇన్నాళ్ళూ పరుగుకని గడప దాటానా?"

"మిషను. నువ్వు దాన్నే తొక్కుతున్నావు, ఆ కాలితోనే, రోజంతా. స్క్రూ పడితే కిందికి దిగాను కదా, అప్పుడు చూశా. తొక్కినప్పుడు కాదు, ఆపినప్పుడు వేళ్ళు పైకెత్తి పట్టుకుంటావు చూడు, అక్కడే వాపు."

పిన్ని చెప్పు విడిచి, నేల మీదే పెడల్ ఉన్నట్టు కుడిపాదం నొక్కింది, ఎత్తింది. మళ్ళీ నొక్కింది, ఎత్తింది. కిర్రుమంది. ముఖంలో రంగు మారింది.

"స్క్రూ పడింది నిన్న మధ్యాహ్నం కదూ?"

"ఊఁ."

"మరి నిన్నటి నుంచీ నోట్లో ఏం పెట్టుక్కూర్చున్నారు?"

నీళ్ళు నమిలి లాభం లేదని బాబాయికీ తెలుసు. "భయమేసింది," అన్నాడు. "నిన్ను జీపులో తెచ్చారు చూడు, ఆ రోజు నా ముఖం చూసి డాక్టరుగారూ అన్నావు. నేనెవరో నీకు తెలియలేదు. పోనీలే, ఇక మానేస్తే బతికిపోతాను అనుకున్నా. నీ కాలు తగ్గకపోతే నాకు హాయిగా ఉంది. ఇది చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ, నిజం."

"నేనలా అన్నానా?"

"అన్నావు."

"ఏడాదిగా ఒక్క ముక్క చెప్పలేదేమండీ?"

పిన్నికి ఒళ్ళు మండింది, ఆ మాట దాచకుండా చెప్పింది కూడా, ఒక ఐదు నిమిషాలు ఊపిరి తిప్పుకోకుండా. తర్వాత ఆయన ఒళ్ళోని బూటు తీసుకుని, విప్పిన ముడి మళ్ళీ వేసింది. అప్పుడు ఏడ్చింది. పక్కగదిలోంచి అత్తగారు, "ఏమైందే?" అని కేకేస్తే, "ఏం లేదత్తయ్యా, మీ అబ్బాయి నోరు తెరిచాడు," అంది.

ఫిజియో అమ్మాయి విని తల పట్టుకుంది. "కూర్చుని చేసే పనన్నారు కదా ఆంటీ?"

"కూర్చునేగా చేస్తాను?"

"మీరు కూర్చున్నారు, కాలు కూర్చోలేదు. నాదీ తప్పే. నా ప్యాంట్లన్నీ మీ దగ్గరే కుట్టించుకుంటాను, ఒక్కసారైనా బల్ల కిందికి చూశానా?" అని, కాలు ఇంకోసారి తడిమి చూసి, మొదటిసారి నవ్వింది. ఇది మొండి రోగం కాదు, అసలు వైద్యమే ఇంకా మొదలుకాలేదు అంది. ఆ కాలు పెడల్ మీద పెట్టకండి, నిజంగా విశ్రాంతి ఇవ్వండి, తగ్గుతుంది అంది. ఆ మాట వినగానే పిన్నికి ప్రాణం లేచొచ్చింది. బయటికి వచ్చి మెట్ల మీద కాసేపు ఊరికే కూర్చుంది. పక్కన బాబాయి కూడా కూర్చున్నాడు. ఆయనకీ గుండె మీద బరువు దిగినట్టే ఉంది, ఎందుకో మాత్రం ఆయనకే అంతుపట్టలేదు.

చెప్పినంత తేలికా? పెడల్ ఎడమవైపుకి జరిపితే, ఎడమకాలికి పని రాదు. మిషను తాగినవాడిలా తూలింది, కుట్టు వంకర టింకరగా పోయింది. అవతల హాలువాళ్ళు తెరల కోసం చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నారు. చివరికి బాబాయే బల్ల కిందికి దిగాడు. దిండు వేసుకుని కూర్చుని, పెడల్ మీద అరచెయ్యి పెట్టాడు. పైనుంచి పిన్ని ఊఁ అంటే నొక్కాలి, ఉఁహూఁ అంటే వదలాలి. మొదటిరోజు నొక్కమంటే వదిలాడు, వదలమంటే నొక్కాడు, ఒక మడత మొత్తం ఊడదీయాల్సి వచ్చింది. రెండోరోజుకి కాస్త గాడిన పడ్డాడు. బేరం వస్తే ఎర్ర మఖమల్ కింద నుంచి తల బయటపెట్టి, "దూరపు చూపా, దగ్గర చూపా?" అని అడిగేవాడు.

"పెళ్ళైన ఇన్నేళ్ళకి నా కొడుకు ఒక కాలికి సరిపోయాడు," అంది తల్లి, గుండీలు కుడుతూ.

ఆయన బల్ల కింద, ఆవిడ బల్ల పైన ఉండగానే వాళ్ళిద్దరూ ఎన్నడూ మాట్లాడుకోని మాటలు మాట్లాడుకున్నారు. ముఖాలు కనపడవు కాబట్టి తేలికయింది. ఒకరోజు కుట్టు మధ్యలో ఆపి పిన్ని అంది. "ఈసారి ప్రతి గుడారం దగ్గరా మీరే ఉండండి. నేను రాగానే మిమ్మల్ని ఏమండీ అని పిలుస్తాను. పిలవకపోతే నేను ఎంత మొత్తుకున్నా వినకండి, జీపెక్కించెయ్యండి. మలుపు కనపడుతున్నా సరే."

"మలుపు కనపడుతున్నా?"

"కనపడుతున్నా. మీ మీద ఒట్టు."

ఈసారి ఒట్టు విని బాబాయి లోపల ఏమీ అనుకోలేదు. అరచెయ్యి తీసి కళ్ళు తుడుచుకున్నాడు, మిషను ఆగిపోయింది, పైనుంచి పిన్ని కేకలేసింది.

తెరలు హాలుకి వెళ్ళిపోయాయి. పిన్ని ఎడమకాలు కొద్దికొద్దిగా పని నేర్చుకుంది. వాపు తగ్గింది. ఒకరోజు తెల్లవారాక, అందరూ లేచాక, పిన్ని గడప మీద కూర్చుని బూట్లు తొడుక్కుంది. లేసు మాత్రం తను కట్టుకోలేదు, కాలు ముందుకు చాపింది. బాబాయి వంగి వదులుగా కట్టాడు, మడత చోట ఒక రంధ్రం వదిలేసి, ఆ అమ్మాయి చూపించినట్టే.

వీధి చివరిదాకా, అక్కడి నుంచి బస్టాపు దాకా. ఆ రోజుకి అంతే అనుమతి. బాబాయి షాపు తలుపులు తెరవకుండా వీధి మూల మీదే నిలబడ్డాడు. భయం ఎక్కడికీ పోలేదు, ఆయన పక్కనే నిలబడింది. కానీ పిన్ని తిరిగి వస్తుంటే ఆ ముఖం చూశాడు. కోటు ఇచ్చి వచ్చిన రోజు ముఖమే అది.

లోపలికి వచ్చి కుర్చీలో కూలబడి, బూటు విప్పించుకుని, కాలు తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టింది. వేళ్ళు పైకెత్తింది, దించింది.

"వినండి," అంది.

బాబాయి వంగి, చెంప ఆనించి, చీలమండకి చెవి పెట్టాడు. వేళ్ళు లేచాయి, దిగాయి. మళ్ళీ లేచాయి, దిగాయి. చప్పుడు లేదు. ఆయన చెవి తియ్యలేదు. కళ్ళల్లోంచి నీళ్ళు కారి పిన్ని పాదం తడిసింది.

"ఏమండీ," అంది పిన్ని, "ఏమన్నా వినపడుతోందా?"

ఆ మొదటి మాట ఒక్కటే వినపడింది ఆయనకి.